ఉప్పు బస్తాల స్మగ్లరు

నరసాపురం దగ్గర తీరంలో కాపలా ఎలా ఉందో చూడాలని మెరైన్ పోలీసులు ఓ మధ్యాహ్నం ఉత్తుత్తి స్మగ్లింగ్ పెట్టారు. లుంగీ కట్టిన కానిస్టేబులే స్మగ్లరు, ఉప్పు బస్తాలే మత్తుమందు. విలేకరిగా నేనూ అతని పడవెక్కాను. పట్టుబడకుండా ఒడ్డు దాటితే రెండు రోజులు సెలవిస్తానన్నారు ఎస్సై. ఆ కానిస్టేబుల్‌కి కూతురు పుట్టి వారమైంది, ఇంకా చూడలేదు.

నెత్తిమీద డ్రోన్ రెండు చుట్లు తిరిగి, అనుమానం రాక వెళ్లిపోయింది. అతను నాకు కన్ను గీటాడు.

ఒడ్డున చేపలు ఎండబెడుతున్న ఒకావిడ లేచింది.

"ఏవయ్యా, పడవలో చెప్పులేసుకుని కూర్చుంటావా? నువ్వు వేటకెళ్లేవాడివేంటి?"

దిగగానే అతని చెప్పులు లాక్కుని పోలీసులకు ఫోన్ చేసింది.

"నేను పోలీసునేనండీ!"

"దొంగలంతా అదే అంటారు. నిలబడు."

కాలే ఇసుకలో అతను గంతులేస్తుంటే ఎస్సై వచ్చారు. నవ్వు ఆపుకోలేక, "కాళ్లు కాలినందుకు సెలవిస్తాను, పోయి బిడ్డను చూసుకో" అన్నారు.

బిడ్డ మాట వినగానే ఆవిడ నొచ్చుకుంది. చెప్పులతోపాటు ఓ సొరచేప చేతిలో పెట్టి, "బాలింతకి పిట్టు కూర చేసి పెట్టు, పాలు పడతాయి" అంది.