ఆంటీ నాతో చెప్పిన మాట

ఈ సంగతి ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పలేదు. నా భర్తకు కూడా. ఎక్కడ అలారం మోగినా ఇప్పటికీ వెనక్కి తిరిగి చూస్తాను. ఎవరో వెనకనుంచి వచ్చి, నువ్వేగా ఆ అమ్మాయివి అని అడుగుతారేమోనని భయం. మీరు నన్నెరుగరు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

అప్పుడు నేను ఈ దేశానికి చదువుకోడానికి వచ్చిన స్టూడెంట్‌ని. కాలేజీలో ఏ క్లాసు చూసినా మన పిల్లలే ఉండే రోజులవి. వాన్ అనే ఊళ్లో ఒక ఇంటి బేస్‌మెంట్‌లో అందరం సర్దుకుని ఉండేవాళ్లం. నా రూమ్మేట్ మౌనిక ఒక ఆసుపత్రి ఐసీయూలో క్లీనింగ్ పని చేసేది. వీసా రూలు ప్రకారం స్టూడెంట్లు వారానికి ఇరవై గంటలకు మించి పని చేయకూడదు. నా గంటలు వేరేచోట అయిపోయేవి. అయినా తనకు ఒంట్లో బాగాలేనప్పుడు తన బ్యాడ్జి తగిలించుకుని నేను వెళ్లేదాన్ని. అందరం మాస్కుల్లోనే ఉండేవాళ్లం. క్లీనింగ్ అమ్మాయి ముఖం ఎవరు చూస్తారు?

ఆ మధ్యాహ్నం నేను తుడుస్తున్న గదిలో ఒక పెద్దాయన ఉన్నారు. న్యుమోనియా. గొంతులో గొట్టం, మాట లేదు. పక్కన ఆయన భార్య. దగ్గర్లోని మార్కమ్ అనే ఊళ్లో ఉండే కూతురి దగ్గరికి ఇండియా నుంచి వచ్చి ఉన్నారట. లోపలికి ఒక్కరినే రానిచ్చేవారు కనుక కూతురు ఆఫీసుకు వెళ్లింది. నర్సు ఇంగ్లీషులో ఏది అడిగినా ఆమె తల ఊపుతున్నారు.

క్లీనింగ్ బండి చక్రం కాలి మీదికెక్కి "అమ్మో" అన్నాను. ఆమె చటుక్కున లేచారు.

"తెలుగమ్మాయివా తల్లీ? ఆయనకి పెన్సిలిన్ పడదమ్మా. గుంటూరులో ఒకసారి సూది వేస్తే ఒళ్లంతా దద్దుర్లొచ్చి ఊపిరాడలేదు. అప్పుడు మా అమ్మాయి హాస్టల్లో ఉంది, దానికి తెలీదు. ఇవాళ మందు మారుస్తామని ఇందాక నర్సు సీసా చూపించింది. ఫోన్ చేస్తే అది ఎత్తట్లేదు. కాస్త ఆ నర్సుకి చెప్పవూ?"

"చెప్తానాంటీ. మీరు కంగారు పడకండి."

నిజంగానే చెప్పాలనుకున్నాను. నర్సు దగ్గరికి వెళ్లాను కూడా. ఆమె నా బ్యాడ్జి వైపు చూసి, "యెస్, మౌనికా?" అంది.

అది నా పేరు కాదు. చెబితే డాక్టర్ని పిలుస్తుంది, నన్ను నిలబెట్టి ఆంటీ మాటల్ని ఇంగ్లీషులో చెప్పమంటారు, ఎవరీ అమ్మాయి అని సూపర్‌వైజర్‌ని అడుగుతారు, అక్కణ్ణుంచి కాలేజీ, ఇమిగ్రేషన్, తిరుగు ఫ్లైటు. అవన్నీ ఒక్క క్షణంలో కళ్లముందు కదిలాయి. మంచం మీది మనిషి మాత్రం కనిపించలేదు.

"చెత్తబుట్ట ఖాళీ చేయనా?" అని అడిగాను.

సాయంత్రం కూతురు వస్తుంది కదా, ఆమే చెబుతుందిలే అనుకున్నాను. అద్దాల తలుపు వెనకనుంచి ఆంటీ నావైపే చూస్తున్నారు. చెప్పేశానన్నట్టు తల ఊపాను. ఆమె రెండు చేతులూ జోడించారు.

కూతురు రాకముందే కొత్త మందు ఎక్కించారు. కాసేపటికే అలారం మోగింది. అందరూ ఆ గదికి పరుగెత్తారు. ఆంటీని బయటికి తెచ్చి నిలబెట్టారు. ఆమె భర్త ముఖం గుర్తుపట్టలేనంతగా వాచిపోయి ఉంది. నేను కారిడార్ చివర, తుడిచిన చోటే మళ్లీ మళ్లీ తుడుస్తున్నాను. నా భయం ఆయన గురించా, నా గురించా? నిజం చెప్పాలంటే, అప్పుడు కూడా నా గురించే.

ఆయన బతికారు. కానీ బీపీ పడిపోయి కిడ్నీలు పాడయ్యాయి. డయాలసిస్ మీద పడ్డారు.

మర్నాడు కూడా నేనే వెళ్లాల్సి వచ్చింది. కారిడార్‌లో కూతురు ఏడుస్తోంది. "నీకు తెలిసి కూడా ఎందుకు చెప్పలేదమ్మా?"

"చెప్పానే."

"ఎవరికి?"

ఆంటీ నన్ను చూశారు. ఆమె చూపు దించుకుని, "నర్సుకే. నా ఇంగ్లీషు అర్థం కాలేదేమో" అన్నారు.

నన్ను కాపాడారా? లేక ఈ పిల్లను నమ్మి అడిగినందుకు తనదే తప్పనుకున్నారా? అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

తర్వాత ఐసీయూ వాళ్లు క్లీనింగ్ వాళ్లతో సహా అందరినీ కూర్చోబెట్టారట. ఎవరినీ శిక్షించం, జరిగింది చెప్పండి, ఇంకొకరికి ఇలా కాకూడదు అన్నారట. మౌనిక ఇంటికొచ్చి చెప్పింది. ఆమెకు కూడా ఏమీ తెలియదు. నేను అన్నం కలుపుతూ వింటూ ఉండిపోయాను.

భాష రాకపోవడమే కారణమని తేల్చారు. ప్రతి మంచం దగ్గరా, మన భాషలో విని ఇంగ్లీషులో చెప్పే ఇంటర్‌ప్రెటర్ ఫోన్ పెట్టారు. మంచి పనే. కానీ ఆ మాట విన్న మనిషి ఒకతి అక్కడే ఉందని, భయంతో నోరు మూసుకుందని వాళ్లకు తెలియలేదు. తెలియని దాన్ని ఎలా సరిదిద్దుతారు? ఈ రోజు కూడా ఏదో ఒక గదిలో ఒక అమ్మాయి అలాగే నిలబడి ఉంటుందేమో.

ఇప్పుడు నాకు పీఆర్ ఉంది, ఇక్కడే ఉండిపోవచ్చు. నన్నెవరూ పంపించేయలేరు. అయినా భయం పోలేదు. క్షమించమని మిమ్మల్ని అడగను, ఆ హక్కు మీది కాదు. ఇది రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది, అంతే.

ఆంటీ తప్పు ఏమీ లేదు. ఆమె స్పష్టంగా చెప్పారు. నాకు ప్రతి మాటా అర్థమైంది.