చుట్టూ తిరిగిన గీత

2022 డిసెంబరు. మదనపల్లెలో పుంగనూరు రోడ్డు పక్కన నా షెడ్డు. కారు అలాయ్ వీల్స్ మీద పడిన గీతలు మాపడం నా పని. అలాయ్ వీల్ అంటే ఇనుప చక్రం కాదు, అల్యూమినియంలో వేరే లోహాలు కలిపి పోసినది. చూడ్డానికి భలే సోకు, రాయి ఒరుసుకుంటే మాత్రం అంచు చెక్కుకుపోతుంది. ఆ నెలలో పొద్దున తొమ్మిదయినా మంచు వీడేది కాదు. రోడ్డు మీద బళ్లు కనిపించేవి కావు, లైట్లు మాత్రం తేలుతూ వచ్చేవి.

ఒక శనివారం ఆ మంచులోంచి రెడ్డెప్పన్న కారు వచ్చింది. పెద్దపంజాణి దగ్గర పల్లె ఆయనది. ముప్పై ఏళ్లు బస్సు తోలి రిటైరయ్యాడు. బస్సుకు ఒక్క గీత పడనీయలేదని ఊళ్లో పేరు. అలాంటి మనిషి రెండు నెలల్లో నా దగ్గరికి రావడం అది మూడోసారి. మూడుసార్లూ ముందు ఎడమ చక్రమే.

"మళ్లీనా అన్నా?"

"మళ్లీనే అప్పా. రేపు కుప్పం పోవాల. నా కూతురు దీన్ని సూసిందంటే తాళంచెవి పెరుక్కుంటాది. గీత పడితే కారు ముట్టనీనని ఎప్పుడో సెప్పింది. మనవరాల్ని ముందర సీట్లో కూసోబెట్టుకోని నాలుగు వీధులు తిప్పకపోతే నాకు అది ఆదివారమే కాదు."

నవ్వేశాను. అంతకుముందు రెండుసార్లూ అలాగే నవ్వి, గీత మాపి పంపాను. నా చెయ్యి పడితే గీత ఎక్కడుండేదో చక్రం తయారుచేసినవాడు కూడా కనుక్కోలేడని నాకు కాస్త పొగరు. పైగా రోడ్డు పక్క కట్టరాళ్లు మనకు ఎడమవైపే కాబట్టి దెబ్బలు ఎక్కువగా ఎడమ చక్రాలకే తగులుతాయి. అందుకే అనుమానం రాలేదు.

చక్రం విప్పి స్టాండు మీద పెట్టి, ఎమరీ పేపరు, అంటే గరుకు కాగితం, అందుకున్నాను. నా పనిలో నాకు ఇష్టమైన ఘడియ ఇదే. నీళ్లు పోస్తూ రుద్దుతుంటే బూడిదరంగు నీళ్లు జారుతాయి, చక్రం మెల్లగా తిరుగుతుంది, మనసు ఎక్కడికో వెళ్లిపోతుంది. అలా పరధ్యానంగా వేలితో గీత వెంబడి పోతున్నాను. ఎంతకీ అది ఆగలేదు. చుట్టూ తిరిగి మొదలైన చోటికే వచ్చింది.

కట్టరాయి తగిలిందని తెలిసినవాడు వెంటనే స్టీరింగు తిప్పేస్తాడు, గీత జానెడు దాటదు. ఇది చుట్టూ ఉంది. ముప్పై ఏళ్ల డ్రైవరు, చక్రం ఒక చుట్టు తిరిగినా తెలీకుండా, రాయిని ఒరుసుకుంటూ పోతూనే ఉన్నాడు. మొదటి రెండు గీతలు ఎంత పొడుగున్నాయో గుర్తు చేసుకోబోయాను. ఏం లాభం? నేను చూస్తే కదా!

"అన్నా, ఎడమ పక్క బాగా కనపడతాండాదా?"

"మంచు గదప్పా. ఆ పక్క ఎప్పుడూ కొంచెం మసగ్గానే ఉంటాది. మన కొండల మంచు నీకు తెలీనిదా?"

"మద్దేనం గూడానా?"

ఆయన తువ్వాలుతో ఎడమ కన్ను తుడుచుకున్నాడు.

"కుడి కన్ను మూసుకో అన్నా. ఎదురుగా ఆ క్యాలెండరునే సూడు. నా చెయ్యి కనపడంగానే సెప్పు."

ఎడమ చెవి పక్కనుంచి చేతిని మెల్లగా ముందుకు తెచ్చాను. చెవి దాటింది, చెంప దాటింది. ముక్కు దగ్గరికి వచ్చాక ఉలిక్కిపడ్డాడు. "యాడ్నుంచి వచ్చిందప్పా ఇది?"

"పాప కూసునేది ఆ పక్క సీట్లోనే గదన్నా."

ఆయనకు కోపం వచ్చింది. "బస్సు తోలినోనికి కండ్లు లేవంటావా? సేతనయితే గీత మాపు!"

నాకూ తిక్క రేగింది. "మాపను. రెండుసార్లు మాపిందే తప్పు. ఈసారి నీ కూతురు దీన్ని సూడాల్సిందే."

రెడ్డెప్పన్న అక్కడున్న పాత టైరు మీద కూలబడ్డాడు. ఆ తర్వాత జేబులోంచి ఫోను తీసి నా చేతిలో పెట్టాడు. "నువ్వే సెప్పప్పా. నా నోట్లోంచి రాదు." ఆయన కూతురికి ఫోను కలిపి అంతా చెప్పాను.

కూతురు ఆసుపత్రికి తీసుకుపోతే తేలింది, నీరుకాసులట. కంట్లో ఒత్తిడి పెరిగి, చూపు పక్కలనుంచి తరిగిపోయే జబ్బు. ఎడమ కంటికి పోయిన చూపు ఇక రాదన్నారు డాక్టర్లు. కుడి కన్ను చుక్కల మందుతో నిలబడింది. అప్పటినుంచీ ఏ చక్రం వచ్చినా, ఎమరీ పట్టేముందు వేలితో ఒక చుట్టు తిరిగి, తోలినవాళ్లను ఎలా తగిలిందని అడుగుతాను. గీతను మాపేముందు చదవాలని నాకు నేర్పింది రెడ్డెప్పన్న చక్రమే.

పోయిన నెల అదే కారు మళ్లీ వచ్చింది. తోలింది కూతురు. వెనక సీట్లో మనవరాలు. ముందు ఎడమ సీట్లోంచి రెడ్డెప్పన్న దిగీ దిగకముందే కేకేశాడు.

"ఈ గీత నాది కాదప్పా! దీనిది!"

"ఊరుకో నాయనా," అంది కూతురు సిగ్గుపడుతూ.

వంగి వేలు పెట్టి చూశాను. గీత బొటనవేలంత కూడా లేదు.

"తగలంగానే తిప్పేసిందన్నా," అన్నాను.

రెడ్డెప్పన్న వెనక సీటులోని పాప వైపు తల పూర్తిగా తిప్పి చూశాడు.

"రాయిని సూసింది గదా," అన్నాడు. "అది సాలు."