సున్నం కుండ, పునీతుల బొమ్మలు

గుంటూరులో ఇంటర్మీడియట్ సైన్సు చదివి, టీచరు ట్రైనింగు పూర్తి చేసిన రత్నకుమారికి గురజాల దగ్గర ఒక మిషను బడిలో రెండో తరగతి ఇచ్చారు. అరవై రెండులో ఆమె కూతురు ఫిలోమినా కూడా ఆ తరగతికే వచ్చింది. తిప్పలు అక్కడ మొదలయ్యాయి.

పిల్ల పలక ముట్టదు. ప్రశ్నలు మాత్రం ఆగవు. బల్లి గోడ మీద నుంచి ఎందుకు పడదు? ఎండకు నాపరాయి కాలుతుంది కదా, చెట్టెందుకు కాలదు? కూడికలు చెయ్యమంటే కిటికీ వంక చూస్తుంది.

"ఏమే రత్నా, నీ కూతురే రాయకపోతే ఊళ్ళో పిల్లల్ని ఏ మొహం పెట్టుకుని అడుగుతావే?" అంది పక్క తరగతి టీచరు గ్రేసమ్మ, నవ్వుతూనే.

ఆ మాట రత్నకుమారికి గుచ్చుకుంది. చర్చి ఫాదరుగారిని అడిగి, చిన్న అట్టముక్కల మీద అచ్చేసిన, బంగారు అంచున్న పునీతుల బొమ్మలు ఒక కట్ట తెచ్చుకుంది. లెక్కలు పూర్తి చేసినవాళ్ళకు ఒక బొమ్మ. తరగతంతా పలకల మీద వంగింది, అందరికంటే ముందు ఫిలోమినా. ఇంట్లో బిస్కెట్ల డబ్బా బొమ్మలతో నిండుతుంటే రత్నకుమారి మురిసిపోయింది. ప్రశ్నలు ఎప్పుడు ఆగిపోయాయో చూసుకోలేదు.

ఒకరోజు మొలకెత్తిన అలసందలు చూపించి, "ఏమన్నా అడగండర్రా" అంది. ఫిలోమినా చెయ్యెత్తింది.

"అడిగితే బొమ్మ ఇస్తారా టీచర్?"

పిల్లలు గొల్లుమన్నారు. రత్నకుమారి కూడా నవ్వింది గానీ, మర్నాటి నుంచి బొమ్మలు ఆపేసింది. ఫిలోమినా పలక ఖాళీగా ఉండిపోయింది. పోయిన ప్రశ్నలూ తిరిగి రాలేదు.

"ఏందే, రాయవా?"

"బొమ్మ లేదుగా."

కాలేజీలో ఏ ప్రయోగం తప్పినా గాజుగొట్టం కడిగి మళ్ళీ మొదలుపెట్టేది. కన్నపిల్లను ఎలా కడగాలి?

క్రిస్మస్‌కు ఇంటికి వెల్ల వెయ్యాలని భర్త జోసెఫ్ కుండలో సున్నపురాళ్ళు వేసి నీళ్ళు పోశాడు. కుండ బుసకొట్టి కుతకుతలాడింది. ఫిలోమినా దూరంగా గొంతుక్కూర్చుని చూస్తోంది. ఏమన్నా అడుగుతుందేమోనని రత్నకుమారి చేస్తున్న పని ఆపింది.

"పొయ్యి లేకుండా ఎట్టా ఉడుకుద్దే అమ్మా?"

దాహం తీరినట్టయింది రత్నకుమారికి. బట్టీలో రాయిని కాల్చడం, కాలిన రాయిలో నీళ్ళు కలిసినప్పుడు వేడి పుట్టడం, అన్నీ గబగబా చెప్పేసింది. పిల్ల శ్రద్ధగా విని, లోపలికి పరిగెత్తి, డబ్బాలోంచి ఒక బొమ్మ తెచ్చింది.

"చానా బాగా చెప్పావు. తీసుకో."

జోసెఫ్ పగలబడి నవ్వాడు. రత్నకుమారికి చెయ్యి ముందుకు రాలేదు.

"నాకొద్దు తల్లీ."

"ఇస్తేనేగా రేపు కూడా చెప్తావు!"

"ఇయ్యకపోయినా చెప్తా."

పిల్ల నమ్మలేదు. బొమ్మను వీపు వెనక దాచుకుని, తల్లి మొహంలోకే చూస్తూ అడిగింది. "అయితే కుండ ఎందుకు పగల్లా?"

రత్నకుమారి ఆ చేతి వైపు చూడకుండా, నేల మీద కూలబడి చెప్పసాగింది.