ఉప్పునీళ్ల గుంపుకు సాంబ్రాణి

కోవిడ్‌కు ముందటి సంవత్సరం నన్ను కలకత్తాలోని ఒక పరిశోధన సంస్థలో జంతుశాల పశువైద్యుడిగా వేశారు. ముందస్తుగా పదవీ విరమణ చేశాను కానీ అక్కడి కబుర్లు ఇంకా తరగలేదు. మా చిట్టెలుకలకు తెలుగూ బెంగాలీ రెండూ వచ్చనీ, ఆదివారం ఇలిష్ చేప పెట్టకపోతే అలుగుతాయనీ చూడవచ్చినవాళ్లకు చెప్పేవాణ్ని. సగం మంది నమ్మేవారు. ఇప్పుడు చెప్పబోయే సంగతిలో మాత్రం నేను కలిపిందేమీ లేదు.

ఊపిరితిత్తుల క్యాన్సర్ ఎలా మొదలవుతుందో చూడటానికి పరిశోధక విద్యార్థిని మితాలి చిట్టెలుకలను రెండు గుంపులు చేసింది. మొదటి గుంపుకు పొట్టలోకి క్యాన్సర్ పుట్టించే యూరిథేన్ మందు సూది; కొన్ని నెలలకు ఊపిరితిత్తుల మీద తెల్లని బుడిపెలు లేస్తాయి. రెండో గుంపుకు ఉత్త ఉప్పునీళ్ల సూది. ఇది పోలిక కోసం. దీన్ని కంట్రోల్ అంటాం. రెండింటికీ వేరువేరు గదులు.

మేతా నీళ్లూ చూసే అటెండెంటు నరసమ్మది హౌరాలో స్థిరపడ్డ శ్రీకాకుళం కుటుంబం. ఒక సాయంత్రం మితాలి కంట్రోల్ గది తలుపు తీసేసరికి పొగ. నరసమ్మ సాంబ్రాణి ధూపంతో పంజరం పంజరానికీ దిష్టి తీస్తోంది. రోజూ తీస్తున్నానని దాచకుండా చెప్పింది. మందు గుంపుకెందుకు తియ్యవని అడిగాను. వాటి రాత అయిపోయిందట. దిష్టి తగిలేది బతికేవాటికేనట.

ఊపిరితిత్తుల మీద ప్రయోగం, అందులో పొగ. "దాదా, ఇక దేన్ని దేంతో పోల్చను?" అని మితాలి స్టూలు మీద కూలబడింది.

పైవాళ్లకు తెలియజేశాను. రెండు గుంపులనూ ముగించమన్నారు. ఆ మాట విని నరసమ్మ నా గదికి వచ్చింది.

"రోగం నేని పిల్లల్ని కూడా సంపేస్తారేటి బాబూ?"

పొగ లేకపోయినా అంతేనని చెప్పాల్సి వచ్చింది. ఆఖరి రోజున రెండు గుంపులనూ గ్యాసు పెట్టెలో ఉంచి, ఊపిరితిత్తులు తీసి, పక్కపక్కన పెట్టి చూస్తాం.

"ఇన్నాళ్లూ నాతో ఒక్క మాటన్నారు కాదు. పోన్లెండి, మీకింక పనికిరావు కదా, నాకిచ్చీండి. మా ఇంటికి పట్టుకెల్లిపోతాను."

ప్రయోగశాల జంతువు గేటు దాటకూడదు. వాటిని షాలిమార్ స్టేషన్‌లో రైలెక్కించి శ్రీకాకుళం పంపించేస్తానని ఒక కథ నోటిదాకా వచ్చింది. మింగేసి, నిబంధన చెప్పాను. ఆవిడ నీళ్ల సీసాలన్నీ నింపి, తాళంచెవి నా బల్ల మీద పెట్టి వెళ్లింది. మళ్లీ రాలేదు.

ఆ తర్వాత ఏ అటెండెంటు చేరినా, మేత కొలతలు చెప్పక ముందే రెండు గుంపుల ముగింపూ ఒకటేనని చెప్పేవాణ్ని. విని, మొదటి రోజే మానేసినవాళ్లున్నారు. వాళ్లనెవరినీ ఉండమని అడగలేదు.