చిట్యాల బడికి మందు మోసే ఇసుక

జనగామ కళాశాలలో ముప్పై ఏళ్ళు రసాయనశాస్త్రం బోధించిన నేను, డెబ్బై రెండో ఏట మళ్ళీ నల్లబల్ల ముందు నిలబడతానని అనుకోలేదు. చిట్యాల బడి టీచరు ఫోన్ చేసి, మందులను మోసుకుపోయే సిలికా నానోకణాల గురించి, అంటే ఇసుకలో ఉండే పదార్థంతో చేసిన అతిసూక్ష్మ కణాల గురించి, పదో తరగతికి చెప్పమన్నారు. "పిల్లలైతే ప్రశ్నలడగరు మేడం, ఏమనుకోకున్రి" అనీ అన్నారు. ఒక్క ప్రశ్నైనా రాకపోతే ఇక ఏ బడికీ వెళ్ళకూడదని అప్పుడే నిశ్చయించుకున్నాను. కారు పంపుతామంటే మాత్రం వద్దన్నాను.

ఉదయం ఏడింటికి ఎక్కిన బస్సు ఎనిమిదిన్నరకు హనుమకొండలో దించింది; పరకాలకు మరో గంట. ఆడవాళ్ళకు ఉచితం కనుక, ఆధార్ చూపిస్తే రెండు బస్సుల్లోనూ సున్నా టికెట్. పరకాలలో చిట్యాల ఆటో నిండడానికి అరగంట పట్టింది. మనిషికి యాభై రూపాయలు.

"ఏం పనికి పోతున్నరవ్వా?" అన్నాడు డ్రైవరు.

"మందు మోసే ఇసుక గురించి పిల్లలకు చెప్పాలె నాయినా."

ఆటో టక్కున ఆగింది. "ఇసుకల మందు సీసలు వెట్టి మోసుడా? గది బడి పిల్లలకు చెప్తరా? పోలీసోళ్ళు నన్ను గూడ లోపలేస్తరవ్వా!"

పక్కన కూర్చున్నామె పడీపడీ నవ్వింది. "గా మందు గాదే అన్నా, దవాఖాన మందు!"

పాఠం రాసుకున్న కాగితంపై శీర్షికలో 'మందు' ముందు 'దవాఖాన' అని అక్కడే చేర్చుకున్నాను.

పదకొండున్నరకు పాఠం మొదలైంది. వడ్ల ఊక కాల్చిన బూడిదలో ఎక్కువ భాగం సిలికాయేనని, దాన్ని శుద్ధిచేసి, కంటికి కనబడనంత చిన్న కణాలుగా, తేనెపట్టులా రంధ్రాలతో తయారు చేయవచ్చని చెప్పాను. ఆ రంధ్రాలలో దవాఖాన మందును నింపి, జబ్బు ఉన్నచోటే విప్పుకొనేలా చేయాలని పరిశోధకుల ప్రయత్నం. జన్యువులనూ అలాగే మన శరీర కణాల్లోకి చేర్చాలని చూస్తున్నారు. చెబుతూ చెబుతూ నల్లబల్ల నిండా బొమ్మలు గీశాను. పిల్లలు మాత్రం చేతులు కట్టుకొని కూర్చున్నారు. గడియారం పన్నెండుంబావు దాటింది.

అప్పుడు మూడో వరుసలో ఒకమ్మాయి లేచింది. "మందు దించినంక ఆ ఇసుక ఏడికి పోతది మేడం?"

"కొంత మెల్లగ కరిగి మూత్రంల పోతది బిడ్డా. మిగిలింది ఏడ ఆగుతదో, ఎన్నొద్దులుంటదో నాకూ పూర్తిగ తెల్వదు."

"మేడంకే తెల్వదంట!" అని వెనకనుంచి ఎవరో అన్నారు. గదంతా నవ్వింది. మరుక్షణమే పది చేతులు లేచాయి.

ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో "తెలియదు" అనే మాటను తరగతిలో నేను ఒక్కసారీ పలకలేదు. అది నా గర్వం. విద్యార్థుల మౌనాన్ని ఇన్నాళ్ళూ గౌరవమనుకున్నాను. వచ్చే నెల మహబూబాబాద్‌లో ఒక బడికి ఒప్పుకున్నాను.

ఈ దారిన పాఠం చెప్పడానికి వెళ్ళేవారికి ఒక సూచన: మధ్యాహ్నం బస్సును నమ్ముకొని తిరుగు ప్రయాణం నిర్ణయించుకోకండి. ప్రశ్నలు మొదలైతే ఆ బస్సు వెళ్ళిపోతుంది; నాది వెళ్ళిపోయింది.