యాదగిరి పేరుతో తెరుచుకున్న ఐకాన్

2022లో నేను పటాన్‌చెరు పారిశ్రామికవాడలోని ఒక బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీలో ఆటోమేషన్ ఇంజనీరుగా ఉన్నాను. బల్క్ డ్రగ్ అంటే మాత్రల్లో కలిపే అసలు మందు పొడి. ఆ పొడిని ఆరబెట్టే డ్రయర్లను ఒక కంప్యూటర్ నడిపేది. డ్రయర్‌లో ఎంత వేడి ఉండాలో చెప్పే అంకెను సెట్‌పాయింట్ అంటాం. అది మార్చే అధికారం షిఫ్ట్ ఇన్‌చార్జికే ఉంటుంది. ఎవరి లాగిన్‌తో, ఏ నిమిషంలో, ఏ అంకె మారిందో ఆడిట్ ట్రయల్ అనే చిట్టాలో దానంతటదే నమోదవుతుంది. దాన్ని ఎవరూ చెరపలేరు. కానీ దానిచేత అబద్ధం చెప్పించవచ్చు. చెప్పించినవాణ్ని నేనే.

ఇంద్రేశం నుంచి వచ్చే యాదగిరి అక్కడ షిఫ్ట్ ఇన్‌చార్జి. డ్రయర్ ప్రోగ్రామ్ కొన్ని నిమిషాలకోసారి లాక్ అయ్యేది. పాస్‌వర్డ్ పన్నెండు అక్షరాలు. మూడుసార్లు తప్పు కొడితే నాకు ఫోన్ చేయాల్సిందే.

ఒకరోజు రెండు జతల గ్లౌజులు తొడిగిన చేతులు నా ముందు చాపాడు. "జెర ఈ వేళ్లు సూడున్రి సార్. ఒకటి కొడితె రెండు పడుతున్నయి. గా పాస్‌వర్డ్ రూలు పెట్టినోన్ని ఒక్కపూట మా డ్రయర్ కాడికి తోలున్రి. గ్లౌజులు నేనే తొడుగుత."

నవ్వాను. పది నిమిషాల్లో డెస్క్‌టాప్ మీద ఒక షార్ట్‌కట్ పెట్టాను. ఆ ఐకాన్‌ను రెండుసార్లు నొక్కితే చాలు, యాదగిరి పేరుతో లాగిన్ అయిపోతుంది. దాని మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ చూస్తే అతని పాస్‌వర్డ్ మామూలు అక్షరాల్లో కనిపిస్తుందని నాకు తెలుసు. ఎవరు చూస్తారులే అనుకున్నాను. ఆ రోజు నుంచి నా ఫోన్ మోగడం తగ్గింది. ఐకాన్ అతని కోసమే పెట్టానని నాకు నేను చెప్పుకున్నాను గానీ, నా సుఖం కూడా అందులో ఉంది.

కొన్ని నెలల తర్వాత ఒక ఉదయం డ్రయర్‌లో వేడి ఉండాల్సినదానికంటే బాగా పెరిగి, తెల్లగా ఉండాల్సిన పొడి పసుపురంగుకు తిరిగింది. బ్యాచ్ మొత్తం పాడైంది. చిట్టా తీస్తే సెట్‌పాయింట్ మార్చినవారి పేరు యాదగిరి. ఆ సమయంలో తాను గౌను మార్చుకునే గదిలో ఉన్నానని అతను మొత్తుకున్నాడు. చూసినవాళ్లు లేరు.

ప్లాంట్ మేనేజర్ నన్ను పిలిచాడు. "యాదగిరి లాగిన్‌తోనే మారిందా? అవునో కాదో రాసివ్వండి, చాలు."

'అవును' అని రాసి సంతకం పెట్టాను. ఆ కాగితంలో తప్పు మాట ఒక్కటీ లేదు. అయినా అది అబద్ధమని సంతకం పెడుతున్నప్పుడే నాకు తెలుసు.

యాదగిరిని సస్పెండ్ చేశారు. వారంలో విచారణ. బ్యాచ్ పాడుచేసి అబద్ధమాడాడన్న మచ్చతో ఉద్యోగం పోతే, ఈ చుట్టుపక్కల ఏ మందుల ఫ్యాక్టరీ గేటూ అతనికి తెరుచుకోదు.

మూడోరోజు ఇంద్రేశంలో యాదగిరి ఇంటికి వెళ్లాను. "ఐకాన్ సంగతి ఎందుకు చెప్పలేదు?" అని అడిగాను.

"నేను అడిగితెనే గద సార్ మీరు పెట్టింది. చెప్తె ఇద్దరం పోతం. నా ఒక్కనితోనే పోనీ అనుకున్న."

అతని భార్య గడప దగ్గరే నిలబడి ఉంది. "మా సారు మంచోడు, మా సారు మంచోడు అని మూడొద్దుల సంది ఒక్కటే పాట పాడుతున్నడు. మంచోళ్లయితె గా కాయితం మీద సంతకం ఎట్ల పెట్టిండ్రు సార్?"

ఇంటికొచ్చి, ఐకాన్ సంగతంతా పెట్టి రెండో నివేదిక రాశాను.

విచారణ రోజున పిలవకుండానే వెళ్లి దాన్ని బల్ల మీద పెట్టాను. మేనేజర్ చదివి నా వైపు తోశాడు. "వెనక్కి తీసుకోండి. మీ ప్రమోషన్ ఫైలు నా దగ్గరే ఉంది."

"ఉండనివ్వండి సార్. దీన్ని కూడా ఆ ఫైల్లోనే పెట్టండి."

విచారణకు కూర్చున్న హెచ్‌ఆర్ మేడమ్ దాన్ని తీసుకుని చదివింది గానీ ఆమెకు అర్థం కాలేదు. "షార్ట్‌కట్ అంటే ఒక బొమ్మే కదా? అందరి కంప్యూటర్లలో ఉంటాయి. అందులో ప్రమాదం ఏముంది?"

అందరినీ డ్రయర్ కంప్యూటర్ దగ్గరికి తీసుకెళ్లాను. మేడమ్‌నే రైట్ క్లిక్ చేయమన్నాను. తెర మీద కనిపించిన పన్నెండు అక్షరాలను ఆమె పైకే చదివింది. తర్వాత ఐకాన్ నొక్కమన్నాను. తెరుచుకుంది.

"ఇప్పుడు మీరే యాదగిరి మేడమ్. ఏ సెట్‌పాయింట్ మారుద్దాం?"

ఆమె మౌస్ వదిలేసింది.

"మరి ఆ రోజు మార్చింది ఎవరు?" అన్నాడు మేనేజర్.

"తెలియదు సార్. ఇక ఎప్పటికీ తెలియదు. తెలియకుండా చేసింది నేను. అలాగే రాసుకోండి."

యాదగిరి మళ్లీ డ్యూటీకి వచ్చాడు. నాకు మెమో వచ్చింది, ప్రమోషన్ ఆగింది. దాని మీద అప్పీలు చేయలేదు. ఆ శిక్ష నాకు తగినదే. కానీ చివరి నివేదికలో కారణం అన్న గడిలో 'ఆపరేటర్ల నిర్లక్ష్యం' అని రాసి సంతకానికి పంపితే తిప్పి పంపాను. మళ్లీ పంపారు. మళ్లీ తిప్పి పంపాను. గ్లౌజుల చేతులకు పన్నెండు అక్షరాలు పెట్టింది మనం, అవి కొట్టలేకపోతే దొంగదారి వేసింది నేను, ఇందులో వాళ్ల నిర్లక్ష్యం ఎక్కడుందో చూపించండి అని రాశాను. నాలుగోసారి ఆ మాట తీసేశారు. తర్వాత గ్లౌజుతోనే తాకించగలిగే ఐడీ కార్డు రీడర్లు బిగించారు. ఆ పని నేను మొదటిరోజే అడగాల్సింది. పది నిమిషాల్లో అయిపోయే పని కనిపించి, అది అడగలేదు.

ఇప్పుడు సంగారెడ్డి దగ్గర ఇంకో ఫ్యాక్టరీలో ఉన్నాను. "జల్దీ అయితది సార్, ఒక్క ఐకాన్ పెట్టున్రి" అని ఇక్కడా అడుగుతారు. పెట్టను. పాస్‌వర్డ్ కాపాడేది యంత్రాన్ని అని ఒకప్పుడు అనుకునేవాణ్ని. 'ఇది నేను చేయలేదు' అని ఒక మనిషి అన్నప్పుడు ఆ మాటకు సాక్ష్యంగా నిలిచేది కూడా అదే. నేను ఒకసారి ఒకరి దగ్గర నుంచి ఆ సాక్ష్యాన్ని లాగేసుకున్నాను. ఇక అడిగేవారు ఎంత పెద్దవారైనా, ఎంత కోపగించుకున్నా, ఇంకొకరి దగ్గర నుంచి లాక్కోను.