బొట్టు పెట్టిన బోల్టులు

ఆ దసరా రోజు మా ఆవిడా, తొమ్మిదేళ్ల మా బిడ్డా పాత మోటారుసైకిలు మీద చేవెళ్ల నుంచి గండిపేటకు బయలుదేరారు. వాళ్లు వెళ్లిన పావుగంటకు నాకొక సంగతి తెలిసింది. వెనక చక్రానికి చైను పళ్లచక్రాన్ని పట్టి ఉంచే ఆరు బోల్టుల్లో నాలుగింటిని నేను బిగించలేదు. నట్లను వేళ్లతో తిప్పి వదిలేశాను, అంతే.

చేవెళ్లలో మెకానిక్కులు లేక కాదు. బండి మా బాపుది, అంటే మా నాన్నది. ఇంకొకరు చెయ్యి పెడితే నాకు పడదు. నా అంతటివాడు లేడని పొగరు కూడా ఉండేదనుకోండి. పళ్లచక్రం అరిగింది, పాత బోల్టుల మరలు పోయాయి. కొత్త సెట్టు తెచ్చుకుని పొద్దున్నే వాకిట్లో కూర్చున్నాను. నా పద్ధతి ఒకటుంది. ముందు ఆరు నట్లనూ వేళ్లతో ఎక్కిస్తాను. తర్వాత పానాకు ఇనుప పైపు తొడిగి, ఒళ్లు బరువంతా వేసి ఒక్కొక్కటే బిగిస్తాను. బిగించిన ప్రతిదాని మీదా ఒక చుక్క పెడతాను. మామూలుగా అయితే మా ఆవిడ గోళ్లరంగుతో పెట్టేవాణ్ణి. ఆ రోజు మా అమ్మ, మేమంతా అవ్వ అని పిలిచే మనిషి, ఆయుధపూజకని కుంకుమ భరిణె తెచ్చి పక్కనే పెట్టింది. పండుగ కదా అని ఆ కుంకుమే తీసి పెట్టాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది!

రెండు బిగించానో లేదో, బోరు మోటారు నీళ్లు పోయడం లేదని పొలం నుంచి ఫోను. వెళ్లి దాంతో కుస్తీపట్టి వచ్చేసరికి అవ్వ పూజ అయిపోయింది. హ్యాండిలుకు బంతిపూల దండ, ట్యాంకుకు పసుపు, చక్రాల కింద నిమ్మకాయలు. చైను కవరు ఎప్పుడో ఊడిపోయిన బండి కాబట్టి బోల్టులు బయటికే కనిపిస్తాయి. ఆరింటికీ ఆరు బొట్లు. ఓహో, అన్నీ అయ్యాకే పొలానికి వెళ్లానన్నమాట అనుకున్నాను. ఒక్కదాని మీదంటే ఒక్కదాని మీద పానా వేసి చూడలేదు. నిమ్మకాయలు తొక్కించి తాళంచెవి మా ఆవిడ చేతికిచ్చాను. ఆమెకు స్కూటీ కంటే ఈ బండే ఇష్టం. గండిపేటలో వాళ్ల అక్కకు గారెలు ఇవ్వాలని, బిడ్డను వెనక కూర్చోబెట్టుకుని వెళ్లింది.

నేను పానాలు తుడుచుకుంటున్నాను. అవ్వ గడపలో కూర్చుని అన్నది:

"పండుగ పూట రెండిటికి బొట్టు పెట్టి, నాలుగిటిని బోడిగ ఇడిసిపెడ్తవారా? నేనే పెట్టిన."

"ఎన్నిటికి పెట్టినవ్ అవ్వా?"

"నాలుగిటికి. ఏమైందిరా, గట్ల చూస్తున్నవ్?"

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆమె మీద అరుద్దామని నోరు తెరిచి మూసుకున్నాను. ఆమె తప్పేముంది? బొట్టు చూసి బిగువు నమ్మింది నేను. ఫోను చేశాను. రింగవుతూనే ఉంది. ఆమె ఫోను సంచిలో గారెల డబ్బా కింద ఉంటుందని నాకు తెలుసు. పానా, పైపు పట్టుకుని రోడ్డు మీదికి పరిగెత్తి, ఖాళీగా వస్తున్న ఆటోకు అడ్డం నిలబడ్డాను.

"మొయినాబాద్ దిక్కు పోనీ అన్నా, జల్ది."

"ఏమైందన్నా, దవాఖానకా?"

పానా, పైపు ఒళ్లో పెట్టుకుని ఎక్కి కూర్చున్నాను. నట్లు ఒక్కొక్కటే ఊడతాయి. పళ్లచక్రం పక్కకు వాలుతుంది. చైను జారి చక్రంలో ఇరుక్కుంటుంది. నడుస్తున్న బండి ఉన్నపళంగా ఆగిపోతుంది. వెనక లారీ ఉంటే? అక్కడ ఆపేసేవాణ్ణి. మళ్లీ మొదటి నట్టు నుంచి అదే ఆలోచన. దారి పొడవునా తల బయట పెట్టి తారు మీదే చూస్తూ కూర్చున్నాను. మెరిసిన ప్రతి సీసా మూతా నట్టులాగే కనిపించింది. ఆ రోజు నేను మొక్కని దేవుడు లేడు.

చిన్న మంగళారం దారి దగ్గర రోడ్డు మీద జనం గుమిగూడి ఉన్నారు. వాళ్ల కాళ్ల మధ్య తారంతా ఎర్రగా ఉంది. ఆటో ఆగకముందే దూకి, పడి, లేచి, మనుషుల్ని తోసుకుంటూ లోపలికి వెళ్లాను. కొత్త కారు. దాని ముందు కుంకుమ పూసి పగలగొట్టిన గుమ్మడికాయ. "ప్రసాదం తీస్కో అన్న" అని ఒకాయన కొబ్బరిముక్క చేతిలో పెట్టాడు. దాన్ని పట్టుకునే ఆటో ఎక్కాను. ఏడుపు ఆగలేదు.

మొయినాబాద్ బస్టాపు దగ్గర మా ఆవిడ బంతిపూలు బేరమాడుతూ కనిపించింది. బిడ్డ బండికి ఆనుకుని మక్క కంకి తింటున్నది.

"డాడీ, ఏడుస్తున్నవా?"

నేను బండి పక్కన కూలబడ్డాను. ఒక నట్టు చివరి మర మీద వేలాడుతున్నది. మిగతా మూడూ రెండు వేళ్లతో ముట్టుకుంటే తిరిగాయి. మా ఆవిడ నా వెనక వచ్చి నిలబడింది.

"అది చేత్తోటే తిరుగుతున్నదేంది?"

ఉన్నదున్నట్టు చెప్పాను. ఆరింటినీ పైపు వేసి రెండుసార్లు బిగించాను. అప్పుడిక నాకు ఊపిరాడింది.

"అయిపోయింది. ఎక్కుండ్రి, ఏం ఫికర్ లేదు" అన్నాను.

బిడ్డ ఫుట్‌రెస్టు మీద కాలు పెట్టింది. మా ఆవిడ దాని భుజం పట్టుకుని వెనక్కి లాక్కుంది. తిట్టినా పడేవాణ్ణి. తిట్టలేదు.

"మేం బస్సుల పోతం. బండి నువ్వు తీస్కపో."

బస్సు వచ్చింది, ఎక్కారు, వెళ్లిపోయారు. నేను తాళంచెవి పెట్టి సీటు మీద చెయ్యి వేశాను. ఆరూ నేను బిగించినవే, కళ్లారా చూసుకుంటూ, ఒళ్లు బరువంతా వేసి. అయినా కాలు లేవలేదు. మొయినాబాద్ దాటేదాకా బండిని తోసుకుంటూ నడిచాను.